అరువు తెచ్చిన అక్రోటు నీడ

పొద్దున్నే లేచి పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టి, అది పొంగేలోపు జివ్కా కూతురి గదిలోకి వెళ్లి కిటికీకి తగిలించిన నీడని విప్పుతుంది. అక్రోటు చెట్టు నీడ అది. దాన్ని భుజాన వేసుకుని పెరట్లోకి తీసుకెళ్లి దులుపుతుంది. మడతల్లో దుమ్ము చేరుతుంది, ఒక్కోసారి చీమలు. గట్టిగా విదిలిస్తే అంచులు పీచు లేస్తాయి. రెండు మూలలూ పట్టుకుని తడి దుప్పటిని దులిపినట్టు దులపాలి. దులిపి, మళ్లీ తెచ్చి కిటికీకి తగిలిస్తుంది.

ఆ కాసేపూ కలీనా ముసుగు తన్ని గోడవైపు తిరిగి పడుకుంటుంది.

"అయిందా?"

"అయింది."

తల్లీకూతుళ్ల పొద్దుటి మాటలు అంతే. చాలా రోజులు మధ్యాహ్నం మాటలు కూడా అంతే.

కొండ ఊళ్లలో అతిథులకి గదులు అద్దెకిచ్చే పాత ఇళ్లున్నాయి. ఆ గదుల ఫొటోలు తీసిపెట్టడం కలీనా పని. జనవరిలో అలాంటి ఒక ఇంట్లో చెక్కడాల పైకప్పు ఫొటో తీస్తూ నిచ్చెన మీంచి రాతి నేల మీద పడింది. ఎముకలేవీ విరగలేదు. తలకి తగిలింది. ఆసుపత్రి నించి ఇంటికొచ్చాక వెలుతురు పడలేదు. దీపమైనా, ఫోనైనా, మంచు మీద ఎండైనా, కళ్లలో మేకు దించినట్టు ఉందనేది. "దెబ్బ వల్ల ఇలా అవుతుంది, తగ్గుతుంది" అంది డాక్టరమ్మ. "కాకపోతే చీకటికి అలవాటు చెయ్యకండి. రోజుకింత వెలుగు పెంచుతూ పోవాలి."

జివ్కాకి ఆ రెండో మాట సరిగ్గా వినపడలేదు. నేల మీద కూతురు పడి ఉన్న తీరు ఆమె చూడలేదు. ఫోన్లో ఎవరో చెప్పగా విన్నది. చూడలేదు కాబట్టే అది ఆమె కళ్లముందు నించి పోలేదు. పిల్ల నొప్పంటే చాలు, కర్రతో కొట్టినట్టు లేచి పరుగెత్తేది.

కిటికీ తెరలు చాల్లేదు. ఎదురింటికి వెళ్లింది.

"నీడా?" అన్నాడు ఒగ్న్యాన్. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. "జనవరిలో నీడ నాకెందుకు చెల్లెమ్మా, పట్టుకెళ్లు."

తనే మంచులోకి దిగి, అక్రోటు చెట్టు మొదట్లోంచి నీడని చాపలా చుట్టి, మంచు దులిపి భుజానికెత్తాడు. ఆయన భార్య పెన్కా గుమ్మంలోంచి అరిచింది. "దాన్లో ఏముందయ్యా, అన్నీ కొమ్మలే! జివ్కా, రెండు మడతలెయ్యి. లేకపోతే సందుల్లోంచి వచ్చేస్తుంది."

బస్టాపు నీడ మున్సిపాలిటీ వాళ్లు ఇచ్చారు. దాన్ని తలుపుకి వేసుకుంది. అది రేకు నీడ, మడత పడదు, కానీ గట్టిది.

మార్చి మొదటి రోజున అందరి పిల్లలకీ కట్టినట్టే కలీనా మణికట్టుకి కూడా ఎర్ర తెల్ల దారం కట్టింది జివ్కా. కొంగనో పూసిన చెట్టునో చూసేదాకా ఆ దారం విప్పకూడదు. చూశాక విప్పి ఏ చెట్టుకొమ్మకో కట్టాలి. ఊళ్లో అందరి దారాలూ ఏప్రిల్ రాకముందే కొమ్మలెక్కాయి. కలీనా దారం చేతికే ఉండి, తెలుపు బూడిదరంగుకి తిరిగి, ఎరుపు వెలిసిపోయింది.

మే నెలలో ఎదురింటి అక్రోటు చెట్టు ఆకు వేసింది. గదిలో ఉన్న దాని నీడ కూడా ఆకు వేసింది. మొదట చిగుళ్లు. తర్వాత అరచేతులంత ఆకులు. శీతాకాలంలో సందుల్లోంచి గీతలు గీతలుగా వచ్చిన ఆ కాస్త వెలుగు కూడా ఒక్కొక్క ఆకుతో మూసుకుపోయింది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే గది బావిలా తయారైంది. జివ్కా తడుముకుంటూ గిన్నె పెట్టేది, తడుముకుంటూ తీసుకునేది. పిల్ల నొప్పని అనడం లేదు. అదే చాలనుకుంది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం చిక్కుడుగింజల సూప్ గిన్నె అందుకుంటూ కలీనా అడిగింది.

"కొంగలొచ్చాయా?"

జివ్కా చెయ్యి ఆగింది. నెలల తర్వాత ఆ పిల్ల బయటి సంగతి అడగడం అదే.

"ఎప్పుడో వచ్చాయి. కరెంటు స్తంభం మీద గూట్లోనే ఉన్నాయి. పిల్లల్ని కూడా పెట్టాయి."

"నాకు చూపించు."

"చూపిస్తానుగానీ, ఫొటోలో చూస్తే లెక్కకి రాదే. దారం విప్పకూడదు."

"దారం కోసం కాదమ్మా. చూడాలనుంది."

జివ్కా సూప్ గిన్నె బల్ల మీద పెట్టేసింది.

"బయటికెళ్లి దగ్గర్నించి తీసుకొస్తా, ఉండు."

"వద్దు. ఇక్కణ్ణించే. నా మంచం దగ్గర్నించి ఎలా కనపడుతుందో అలాగ. ఈ గదీ ఉండాలి, కిటికీ అవతల ఉన్నదంతా ఉండాలి."

చెప్పడానికి తేలికే. మర్నాడు పొద్దున నీడ విప్పినప్పుడు, పిల్ల ముసుగులో ఉండగా, జివ్కా ఫోన్ పెట్టి తీసింది. గది బాగా వచ్చింది. కిటికీ మాత్రం పాలు ఒలికినట్టు ఉట్టి తెలుపు. మళ్లీ తీసింది. ఈసారి కొంగ వచ్చింది, స్తంభం వచ్చింది, గది లేదు. నల్లటి గుంట.

చూసింది చూసినట్టు చెబితే ముసుగులోంచి నవ్వులాంటిది ఒకటి వినిపించింది.

"అంతేనమ్మా అది. కన్ను చీకటీ వెలుగూ రెండూ చూస్తుంది, కెమెరా ఒకటే చూస్తుంది. నా కెమెరా తీసుకో, ముక్కాలి స్టాండు మీద పెట్టు. ఒకటే చోటు నించి మూడు తియ్యి. ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి తెల్లబోయేట్టు. తర్వాత మూడూ కలపాలి. హెచ్‌డీఆర్ అంటారు. నేను రోజూ చేసేది అదే."

"కలపడం నాకేం తెలుసే?"

"నేను చెప్తాగా. నేను వాడే సాఫ్ట్‌వేర్‌కి ఏడాది గడువు అయిపోయింది, అది తెరుచుకోదు. ఊరికే దొరికేవి బోలెడుంటాయి, వెతుకు."

అలా మొదలైంది. జివ్కా వంటింటి బల్ల మీద కూతురి ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. కలీనా గది తలుపు కాస్త తీసి, బస్టాపు నీడ వెనకాల నేల మీద కూర్చునేది. తెర వెలుగు తనకి తగలకూడదు. కనపడింది అమ్మ చెప్పాలి, చెయ్యాల్సింది కూతురు చెప్పాలి.

మొదట దింపుకున్నది ఊరికే వచ్చింది, మీట నొక్కితే చాలు, అన్నీ తనే చేసేసింది.

"ఎలా ఉంది?"

"సంతలో పంచదార కోడిపుంజులు అమ్మరూ, అలా ఉంది. గడ్డి పచ్చగా కాదు, పచ్చ విషంలా ఉంది. ఆకాశం వంకాయ రంగు. కొంగ చుట్టూ వెలుగు వలయం వచ్చింది, గుళ్లో పటాలకి ఉన్నట్టు."

"కొంగని దేవుణ్ణి చేసేశావన్నమాట. తీసెయ్యి దాన్ని."

రెండోది కూడా ఊరికేనంది. రంగులు బాగానే కుదిరాయి. దాచుకోబోతే ఫొటోకి అడ్డంగా తన పేరు అచ్చేసింది, ఊళ్లో ఎవరైనా పోతే గేట్ల మీద చావు కాయితాలు అంటించినట్టు. జివ్కా చప్పున మూసేసింది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. ఇది వద్దు మనకి."

మూడోది ఎవరో పుణ్యాత్ములు రాసి లోకానికి వదిలేసినది. గడువు లేదు, అచ్చు లేదు. మీటలు మాత్రం విమానంలో ఉన్నన్ని ఉన్నాయి. ఏది ఏమిటో తెలుసుకోవడానికి వారం పట్టింది. ఆ వారం వంటింటికీ గదికీ మధ్య జరిగినన్ని మాటలు శీతాకాలం మొత్తం మీద జరగలేదు. "ఎడమ పక్క చూడు, రెండోది." "రెండోది లేదే ఇక్కడ." "ఉంటుందమ్మా, నీకు కనపడట్లేదు." "కళ్లజోడు పెట్టుకునే చూస్తున్నా." "మొన్న మడతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టావు, అదేనా?" పిల్ల గొంతులో ఆ ఎగతాళి విని జివ్కా మీట మీంచి వేలు తీసి ఒక్క నిమిషం ఊరికే కూర్చుంది.

మూడు ఫొటోలూ కలిసి ఒకటయ్యాయి. జివ్కా దగ్గరికి వంగి చూసింది.

"ఒసే, ఒగ్న్యాన్ అన్నయ్య ముగ్గురున్నాడు."

"ఏంటీ?"

"ఒకడు కూర్చున్నాడు, ఒకడు లేస్తున్నాడు, ఒకడికి నడుం కింద ఏమీ లేదు. కొంగకి మూడు ముక్కులు."

"వాటిని దెయ్యాలంటారు. మూడు తీసేలోపు కదిలితే వస్తాయి. మామయ్యని కాసేపు కదలకుండా కూర్చోమను."

"నిజమే. ఒక్కడితోనే పెన్కా వదిన వేగలేకపోతోంది, ముగ్గురైతే ఏమైపోతుంది."

జివ్కా ఎదురింటికి వెళ్లింది. ఒగ్న్యాన్ ఎప్పటిలాగే చెట్టు కింద బల్ల దగ్గర కూర్చుని రేడియో వింటున్నాడు. తలమీద తడి తువ్వాలుంది. మెడ ఇటుక రంగులో ఉంది.

"కదలకుండా కూర్చోవడమా? పెళ్లయిన దగ్గర్నించీ ఈవిడ నన్ను అడిగేది అదే."

"బాటిల్ ముందుంటే కూర్చుంటాడు, ఆ భయం నీకొద్దు" అంది పెన్కా.

"ఎండగా ఉందా అన్నయ్యా?" అంది జివ్కా.

"ఎండేంటి? ఎముకలకి మంచిది."

జివ్కా సరేనంది. ఆయన చెప్పిన మాట పట్టుకుని ఇంటికొచ్చేసింది. ఆమెకి ఆ మాటే కావాలి.

ఒగ్న్యాన్ రాయిలా కూర్చున్నాడు. కొంగ కూర్చోలేదు. బస్టాపు దగ్గర జనం కూర్చోలేదు. దెయ్యాలు మళ్లీ వచ్చాయి. అప్పుడు కలీనా నాలుగోది వెతకమంది. కొన్నాళ్లు ఊరికే వాడుకోనిచ్చి, నచ్చితే ఒకే ఒక్కసారి ఏదో కాస్త తీసుకునే రకం. రెండు బానిత్స రొట్టెలూ ఒక కాఫీ ధర. దాన్లో ఒక సదుపాయం ఉంది. కదిలినవాళ్ల మీద వేలు పెడితే, మూడు రూపాల్లో ఏది ఉంచమంటావని అడుగుతుంది. జివ్కా కూర్చున్న ఒగ్న్యాన్‌ని ఉంచింది. రెక్క విప్పబోతున్న కొంగని ఉంచింది.

"ఇప్పుడు రెండు మీటలుంటాయి చూడు" అంది కలీనా నేల మీంచి. "ఒకదాని మీద వెలుగులు అని ఉంటుంది. ఇంకోదాని మీద నీడలు. నీడల్ని పైకెత్తాలి, వెలుగుల్ని కిందికి దించాలి."

నీడలు ఎత్తడం జివ్కాకి ఒకరు చెప్పాలా. పొద్దున్నే పెరట్లో ఎత్తినట్టే ఎత్తింది, అంచుల దగ్గర్నించి, పీచు లేవకుండా. చీకట్లోంచి మంచం కోడు వచ్చింది. కుర్చీ వచ్చింది, కుర్చీ మీద కలీనా పాత కోటు వచ్చింది. తర్వాత వెలుగుల మీట దించింది. కిటికీలో ఒలికిన పాలు వెనక్కి గిన్నెలోకి పోయినట్టు తెలుపంతా తగ్గుతూ పోయింది. వెనకాల నించి స్తంభం, గూడు, గూట్లో రెండు పిల్ల తలకాయలు, కింద ఎదురింటి దొడ్డి, పక్కన రోడ్డు, బస్టాపు.

జివ్కా కొంగనొక్కదాన్నే చూసింది. కొంగ బాగా వచ్చింది.

బజారులో పాస్‌పోర్టు ఫొటోలు తీసే కొట్టులో, మెరవని కాయితం మీద పెద్దది వేయించుకుని ఇంటికి తెచ్చింది.

కలీనా బస్టాపు నీడని వేలితో కాస్త పక్కకి జరిపి, తలుపు సందులోంచి వచ్చే సన్నటి వెలుగు గీత దగ్గర ఫొటో పెట్టుకుంది. కళ్లు చికిలించి చూసింది. జివ్కా గోడకి ఆనుకుని నిలబడింది. పిల్ల నొసలు ముడిపడుతుందేమోనని ఆ నొసలే చూస్తోంది.

"గూడు పెద్దదైంది" అంది కలీనా.

"ఏటా ఇంత పేరుస్తాయిగా."

"రంగులు బాగా దించావమ్మా. అతి చెయ్యలేదు."

కలీనా వేలు స్తంభం మీంచి కిందికి దిగింది, ఎదురింటి దొడ్లోకి వచ్చి ఆగింది.

"మామయ్య తలమీద ఏంటది?"

"తువ్వాలు."

"తడిదా?"

"అనుకుంటా."

"చెట్టు కిందే కదా కూర్చున్నాడు?"

"చెట్టు కిందే."

"మరి?"

పిల్ల వేలు ఇంకొంచెం జరిగింది.

"కోళ్లన్నీ బల్ల కిందే ఎందుకున్నాయి, ఒకదాని మీద ఒకటి? బస్టాపులో ఈవిడెవరో చంటిపిల్ల మీద సంచి అడ్డం పట్టుకుంది. పైన రేకుంది కదమ్మా."

జివ్కా దగ్గరికొచ్చి, వంగి చూసింది. ఇన్నాళ్లూ ఆ కిటికీలో ఆమెకి కనపడింది ఉట్టి తెలుపే. ఇప్పుడు చెట్టుకింద ఎండ కనపడుతోంది. నిండుగా ఆకేసిన చెట్టు, దాని మొదట్లో రోడ్డు మీద పడ్డట్టే పడుతున్న ఎండ. పెన్కా బీన్సు ఒలుస్తోంది, ముఖం టమాటాలా ఉంది.

"వాళ్లు అడగలేదే" అంది చివరికి.

"ఎలా అడుగుతారు?"

బయట కొంగలు ముక్కులు టకటకలాడించాయి.

"విప్పు" అంది కలీనా.

"ఏంటి?"

"నీడ. ముందు మామయ్యది."

"నేనిచ్చొస్తాలే. నువ్వు పడుకో. ముందు తెరలు రెండు వరసలు వేసి..."

"నేనే తీసుకెళ్తా."

"ఎండలోనా? నీకేమన్నా పిచ్చా?"

"ఎండెక్కడుంటుందమ్మా? వాళ్లింటి దాకా నీడ నా దగ్గరే ఉంటుందిగా."

జివ్కా నోరు తెరిచింది. వద్దని అనడానికే. డాక్టరమ్మ చెప్పిన రెండో మాట అప్పుడు వినిపించింది, ఆరు నెలలు ఆలస్యంగా, చెవి పక్కనే నిలబడి చెప్పినట్టు. నోరు మూసుకుని కుర్చీ ఎక్కి, కిటికీ నించి నీడని విప్పింది. మామూలుగా ఆ పాటికి ముసుగేసుకునే కలీనా, నీడ కిందపడకముందే దాని కిందికి దూరి తలమీంచి కప్పుకుంది. ఆకులేశాక బరువెక్కింది. అంచు నేల మీద జీరాడింది.

"ఉండు" అంది జివ్కా. "ఒట్టి చేతుల్తో తిరిగివ్వకూడదు."

ఒకరి గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వరు. నీడకైనా అదే మర్యాద. వంటింట్లోంచి చెర్రీలు తెచ్చి నీడ మడతలో పోసి, ఆ మూల కూతురి చేతికిచ్చింది.

వీధిలో మిట్టమధ్యాహ్నం. తారు మెత్తబడింది. ఆ ఎండలో అక్రోటు చెట్టు నీడొకటి ఇంట్లోంచి బయటికొచ్చి, గడప దిగి, రోడ్డు దాటడం మొదలుపెట్టింది. మధ్యలో ఒక పిల్ల. పక్కన తల్లి, పట్టుకోకుండా, పట్టుకోబోయినట్టు చేతులు చాచి. బస్టాపులో ఉన్నవాళ్లు కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని చూశారు. ఒకాయన టోపీ తీశాడు.

"నొప్పిగా ఉందా?"

"ఉంది."

"వెనక్కెళ్దామా?"

"నడువమ్మా. కాళ్లకడ్డం వస్తున్నావు."

ఒగ్న్యాన్ వాళ్లని చూసి లేచి నిలబడ్డాడు. తువ్వాలు తీసి వెనక్కి దాచుకున్నాడు, దొంగతనం పట్టుబడినట్టు.

"దీనికి తొందరేమొచ్చింది చెల్లెమ్మా? శీతాకాలం దాకా ఉంచుకోలేకపోయారా?"

"శీతాకాలం దాకా ఉంచుకుంటే నిన్ను పొయ్యిలోంచి తీసినట్టు తియ్యాలి" అంది పెన్కా. ముఖం తుడుచుకుంది, చెమటే అన్నట్టు. "రా తల్లీ, ఇలా కూర్చో."

ఒగ్న్యాన్ ఒక మూల పట్టుకున్నాడు, జివ్కా ఒక మూల. చెర్రీలు బల్ల మీద పోసి, నీడని కలీనా తలమీంచి మెల్లగా లాగి, చెట్టు మొదలు చుట్టూ సరిచేసి పరిచారు. కోళ్లు బల్ల కిందనించి ఒక్కొక్కటే బయటికొచ్చి రెక్కలు విదిలించాయి. కలీనా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది.

"ఇక్కడ కాస్త అరిగింది చూశావా" అన్నాడు ఒగ్న్యాన్. మంచం వైపు వేలాడిన చోట, అన్ని నెలలూ పిల్ల ఊపిరి తగిలిన చోట, నీడ పలచబడింది. అక్కడ చిన్న చిన్న చిల్లులు. వాటిలోంచి ఎండ చుక్కలుగా కారి బల్ల మీద పడుతోంది.

"మేం అతుకేయిస్తాం అన్నయ్యా" అంది జివ్కా కంగారుగా.

"ఎందుకు? గాలాడుతుంది."

ఒక ఎండచుక్క కలీనా మణికట్టు మీద పడింది, వెలిసిన దారం పక్కన. కలీనా ఒక కన్ను తెరిచింది. ఆ చుక్కని చూసింది. చెయ్యి లాక్కుంటుందనుకుంది జివ్కా. కలీనా లాక్కోలేదు. చెయ్యి అటూ ఇటూ తిప్పి, చుక్కని అరచేతిలోకి పట్టి, కాసేపు అలాగే ఉంచుకుంది. తర్వాత రెండో కన్ను కూడా తెరిచి, వేళ్ల సందుల్లోంచి స్తంభం పైకి చూసింది. నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోకుండానే చూసింది.

"వచ్చాయి" అంది.

"చెప్పానుగా" అంది జివ్కా.

కలీనా చెయ్యి చాచింది, దారం విప్పమని. ముడి బిగుసుకుపోయింది. జివ్కా వంగింది, కళ్లజోడు కోసం తడుముకుంది, అది లేదు. అటు జరిగీ ఇటు జరిగీ చూసింది, ముడి చిక్కడం లేదు.

"కదలకమ్మా" అంది కలీనా. "ముగ్గురైపోతావు."